రైజ్, రెయిజ్: ఎక్కడ ఏది వాడాలి?

ఇంగ్లీషులో రైజ్ (rise), రెయిజ్ (raise) అనే క్రియల దగ్గర తడబడేవారు, చెప్పదలచిన మాటను ముందుగా తెలుగులో అనుకుని చూస్తే సగం చిక్కు అక్కడే విడిపోతుంది. 'పెరుగు', 'లేచు' అని వస్తే రైజ్ వాడాలి. 'పెంచు', 'లేపు', 'ఎత్తు' అని వస్తే రెయిజ్ వాడాలి. మొదటిది అకర్మక క్రియ, అంటే దానికి 'దేనిని?' అన్న ప్రశ్న రాదు. రెండోది సకర్మక క్రియ కనుక, దేనిని పెంచారో, దేనిని ఎత్తారో చెప్పనిదే వాక్యం నిలబడదు.

'ధరలు పెరిగాయి' అనడానికి 'ప్రైసెస్ రోజ్' అనాలి. 'కంపెనీ ధరలు పెంచింది' అంటే 'ద కంపెనీ రెయిజ్డ్ ఇట్స్ ప్రైసెస్' అవుతుంది. తరచుగా కనిపించే 'ప్రైసెస్ రెయిజ్డ్' అన్న వాక్యం తప్పు. ధరలు వేరే దేనినో పెంచినట్లు మొదలై, ఆ 'దేనినో' చెప్పకుండానే అది ఆగిపోతుంది. అయితే 'ప్రైసెస్ వర్ రెయిజ్డ్' సరైనదే, ఎందుకంటే అది కర్మణి ప్రయోగం, అంటే 'ధరలు పెంచబడ్డాయి' అని. రైజ్‌కు కర్మ లేదు కాబట్టి కర్మణి ప్రయోగమూ లేదు.

రూపాల విషయానికి వస్తే, రైజ్ భూతకాలంలో రోజ్‌గానూ, హ్యావ్ తరువాత రిజన్‌గానూ మారుతుంది. రెయిజ్ రెండు చోట్లా రెయిజ్డ్ మాత్రమే.

పిల్లలను పెంచడానికీ, ప్రశ్న లేవనెత్తడానికీ, నిధులు సేకరించడానికీ రెయిజ్ వాడతారు. చివరి దానిలో మన 'పెంచు' పరీక్ష పనిచేయదు గానీ, 'దేనిని?' అన్న ప్రశ్నకు మాత్రం జవాబు దొరుకుతుంది. నా మటుకు నాకు అదే ఎక్కువ నమ్మదగిన గుర్తు. నామవాచకాలుగా మాత్రం ఈ నియమం చెల్లదు: జీతం పెంపును అమెరికాలో రెయిజ్ అంటారు, బ్రిటన్‌లో రైజ్ అంటారు.