వెంట్రుకలు పీకే ముందు కారణం వెతకండి

మా అమ్మాయికి 17వ ఏట గడ్డం కింద నాలుగైదు నల్లటి, బిరుసైన వెంట్రుకలు కనిపించాయి. పసుపు, సున్నిపిండి నలుగు పెడుతూ ఏడాది పోగొట్టాను. మీరు అలా చేయకండి.

లేత నూగైతే దిగులు అక్కర్లేదు. బిరుసు వెంట్రుకలైతే గత 6 నెలల నెలసరి తేదీలు కాగితం మీద రాయండి. తరచూ 35 రోజులు దాటుతుంటే పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ సమస్య) అయ్యే అవకాశం ఉంది. ఎక్కువమందిలో కారణం అదే. ఆ కాగితంతో పాటు వాడుతున్న మందుల చీటీలూ డాక్టరుకు చూపించండి. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, కొన్ని హార్మోన్ మందులు కూడా కారణం కావచ్చు. అన్నీ సరిగా ఉంటే అమ్మమ్మ, మేనత్తల ముఖాలు గుర్తుచేసుకోండి, వంశంలోనే ఉండవచ్చు.

కొద్ది నెలల్లోనే వెంట్రుకలు దట్టమై, గొంతు బొంగురుపోతే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి. చికిత్స మొదలుపెట్టాక ఫలితం కనిపించడానికి 6 నెలలైనా పడుతుంది. ఈలోగా థ్రెడింగ్ చేయించుకోవచ్చు.