కన్సెంట్ ఫారం చేతికిచ్చినప్పుడు: వార్డు సిస్టర్లకు

సాయంత్రం రేపటి ఓటీ (ఆపరేషన్ థియేటర్) లిస్టు వార్డుకొస్తుంది. వెనకాలే కన్సెంట్ ఫారాలు, అంటే ఆపరేషన్‌కు పేషెంట్ ఒప్పుకోలు కాగితాలు, మన చేతికొస్తాయి, "సంతకాలు పెట్టించేయండి సిస్టర్" అన్న మాటతో సహా. గైనిక్ వార్డు ఇన్‌ఛార్జిగా కొత్తమ్మాయిలకు నేను ముందు చెప్పేది ఇది: ఆపరేషన్ గురించి వివరించాల్సింది అది చేసే డాక్టర్ గారు. మనం సాక్షులం. పేషెంట్ తెలివిలో ఉండి, విషయం తెలిసి, తన చేత్తో సంతకం పెట్టిందని, అది మనం కళ్ళారా చూశామని చెప్పడమే సాక్షి సంతకం. చూడనిదానికి పెట్టకండి. ముందు షిఫ్టు వాళ్ళు ఖాళీగా వదిలేసిన సాక్షి గడిని పోనీలే అని నింపకండి.

ఫారంతో పాటు కేస్ షీట్ కూడా బెడ్ దగ్గరికి పట్టుకెళ్ళండి. పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చేది), ఆపరేషన్ కుడివైపా ఎడమవైపా, రెండింటిలో ఆపరేషన్ పేరు ఒకటేనా, ఇవన్నీ చూశాక మందుల చార్టు తిప్పండి. ముందు రోజు రాత్రి ఆల్ప్రాజోలం మాత్ర వేసి, పొద్దున మిడజోలం ఇచ్చి, మగతలో ఉన్న మనిషి చేతిలో పెన్ను పెడితే ఆ సంతకానికి విలువుండదు. సంతకాలన్నీ మత్తు మందుకి ముందే అయిపోవాలి.

తర్వాత తోడున్న వాళ్ళను కాసేపు బయటికి పంపండి. బీపీ చూడాలంటే లేచి వెళ్తారు. (అబద్ధం అక్కర్లేదు, నిజంగానే బీపీ చూడండి.) అత్తగారు, ఆడపడుచు మంచం చుట్టూ ఉంటే ఏ కోడలూ నోరు విప్పదు.

"అర్థమైందా అమ్మా?" అని మాత్రం అడగొద్దు. అందరూ ఆఁ అనే అంటారు. "రేపు నీకేం ఆపరేషన్ చేస్తారో నువ్వే చెప్పమ్మా" అనండి. "కడుపులో గడ్డ తీస్తారంట" అని జవాబొస్తుంది. ఫారంలో చూస్తే టీఏహెచ్ ప్లస్ బీఎస్ఓ అని ఇంగ్లీషు పొడి అక్షరాలు. అంటే గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేస్తారు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషికి అండాశయాలు రెండూ తీసేస్తే ఒక్కసారిగా ముట్లుడిగిన స్థితి వస్తుంది. ఒంట్లో వేడి ఆవిర్లు, నిద్రపట్టకపోవడం, కాలం గడిచేకొద్దీ ఎముకలు పలచబడటం. ఇవేవీ తెలియకుండా "గడ్డ" కోసం పెట్టిన సంతకాన్ని నేను ఒప్పుకోలు అనను.

మన దగ్గర ఇది మరీ జాగ్రత్తగా చూడాలి. పిల్లలు పుట్టేశాక "ఆ సంచి తీయించేస్తే పీడా పోతుంది" అనడం మన ఊళ్ళలో మామూలు మాటైపోయింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందున్నాయి. అనవసరంగా ఈ ఆపరేషన్లు జరగకుండా కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశించింది కూడా.

పేషెంట్ చెప్పిందీ ఫారంలో ఉన్నదీ కలవకపోతే ఆ ఖాళీని మీరే వివరించి పూడ్చబోకండి. డాక్టర్ గారికి ఫోన్ చేయండి. "సార్, ఆరో బెడ్ ఆవిడ గడ్డ ఒక్కటే తీస్తారనుకుంటోంది, అండాశయాల సంగతి తెలియదంటోంది. మీరొకసారి మాట్లాడాక సంతకం తీసుకుంటాను." ఇంతే. రౌండ్స్‌లో పది మంది ముందు అనకండి, ఆయన పరువు సమస్య చేసుకుంటారు, పేషెంట్ గొడవ పక్కకు పోతుంది. "నువ్వు నాకు చెప్తావా" అనేవాళ్ళూ ఉంటారు. అప్పుడు ఇన్‌ఛార్జికి, అక్కడా కాకపోతే నర్సింగ్ సూపరింటెండెంట్‌కి చెప్పండి. నర్సెస్ నోట్స్‌లో టైముతో రాయండి: పేషెంట్ అన్న మాట యథాతథంగా, డాక్టర్ గారికి ఎన్ని గంటలకు తెలియజేశారో, ఆయన ఏమన్నారో. మీ అభిప్రాయం, మీ కోపం అందులో వద్దు. ఓటీలో డబ్ల్యూహెచ్‌ఓ సేఫ్టీ చెక్‌లిస్టు ఉంటుంది కదా, మత్తు ఇవ్వకముందు పేషెంట్ పేరు, ఆపరేషన్, కన్సెంట్ అన్నీ పేషెంట్ చేత చెప్పించుకోవాలని మొదట్లోనే ఉంది. దాన్ని గబగబా టిక్కులు కొట్టే కాగితం చేయకండి. ఆ నిమిషంలో ఆపే హక్కు ఓటీ సిస్టర్‌కీ ఉంది.

ఇక సంతకం ఎవరిది? పద్దెనిమిదేళ్ళు నిండి, తెలివిలో ఉన్న మనిషైతే ఆ మనిషిదే. సమీరా కోహ్లీ కేసు గుర్తుపెట్టుకోండి. ఢిల్లీలో 44 ఏళ్ళ ఆవిడ లాప్రోస్కోపీ పరీక్షకు (చిన్న గాటుతో కెమెరా పెట్టి కడుపులో చూడటానికి) ఒప్పుకుంది. ఆవిడ మత్తులో ఉండగా, బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు తల్లి ఒప్పుకోలు చెల్లదని, పరీక్షకు ఇచ్చిన ఒప్పుకోలు ఆపరేషన్‌కు పనికిరాదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. ట్యూబెక్టమీకి (ఆడవాళ్ళకు చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి), అబార్షన్‌కి కూడా భర్త సంతకం చట్టం అడగదు. మైనర్‌కి అబార్షన్ అయితే గార్డియన్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కొన్ని ఆసుపత్రులు ముందుజాగ్రత్తగా భర్త సంతకం కూడా తీసుకుంటాయి. తీసుకుంటే తీసుకోనివ్వండి, ఆవిడ సంతకం బదులు మాత్రం కాదు. స్పృహ లేకుండా వచ్చిన ఎమర్జెన్సీ కేసుకి ఇదంతా వర్తించదు, ముందు ప్రాణం కాపాడాలి. తోడెవరూ లేరని కేసు ఆపకూడదు.

వేలిముద్ర అయితే ఫారం తెలుగులో చదివి వినిపించి, చదివినవాళ్ళ పేరు రాయండి. తెలుగు రాని పేషెంట్‌కి ఆ భాష వచ్చిన మనిషిని పిలవండి, వార్డులో ఎవరో ఒకరు దొరుకుతారు. వీలైనంతవరకు ఇంటివాళ్ళను దుబాసీగా పెట్టొద్దు, వాళ్ళకు నచ్చింది చెప్తారు.

క్యాన్సర్ కేసుల్లో కొడుకులు వచ్చి "అమ్మకి చెప్పకండి సిస్టర్, తట్టుకోలేదు" అంటారు. వాళ్ళ మీద కోప్పడకండి, భయంతో అంటారు. ఆవిడ అడిగితే మాత్రం మీరు అబద్ధం చెప్పనని వాళ్ళకు ముందే మెల్లగా చెప్పండి. డాక్టర్ గారి ద్వారా ఆవిణ్ణే అడిగించండి: రిపోర్టుల సంగతి మీకు చెప్పమంటారా, ఇంకెవరికైనా చెప్పమంటారా? "నాకెందుకమ్మా, మా పెద్దోడికి చెప్పండి" అని చాలామంది పెద్దవాళ్ళు అంటారు. అదీ ఆవిడ నిర్ణయమే, అలాగే రాసుకోండి. మరికొందరు "నాకు ముందే తెలుసు, వాళ్ళే ఏడుస్తారని ఊరుకున్నా" అంటారు.

చివరిగా, సంతకం పెట్టాక కూడా మనసు మార్చుకోవచ్చు. స్ట్రెచర్ మీద ఓటీ తలుపు దగ్గర "వద్దు సిస్టర్" అన్నా సరే. బుజ్జగించి లోపలికి తోసేయకండి, తిట్టకండి. స్ట్రెచర్ ఆపి సర్జన్‌కీ మత్తు డాక్టర్‌కీ చెప్పండి. ఎందుకు వద్దంటోందో వాళ్ళను మాట్లాడనివ్వండి. అప్పటికీ వద్దంటే వద్దన్నట్టు సంతకం తీసుకుని వార్డుకు తీసుకురండి. ఆపరేషన్ కోసం ఆపిన బీపీ, షుగరు మందులు మళ్ళీ మొదలుపెట్టాలా అని డ్యూటీ డాక్టర్‌ని అడగండి. రాత్రి నుంచి ఏమీ తినలేదు కాబట్టి టిఫిన్ చెప్పండి.