సరిహద్దు ఊరి చరిత్రను, కథలను గ్రంథస్థం చేయడం ఎలా

సరిహద్దు మీద ఉన్న చిన్న పట్టణం చరిత్ర రాయదలచినవారు ఊరి పుట్టుక కన్నా ముందు ఆ గీత పుట్టుకను తెలుసుకోవాలి. ఊరు ఉన్నచోటనే ఉంటుంది గాని సరిహద్దు జరుగుతూ ఉంటుంది. అందువల్ల ఒకే ఇంట్లో తాత ఒక రాజ్యంలోను, మనుమడు మరో రాజ్యంలోను పుట్టి ఉండవచ్చు. ఏ ఒప్పందం ఆ గీతను నిర్ణయించింది, ఏ సర్వే దానికి రాళ్లు పాతింది, తరువాత ఎన్నిసార్లు మారింది అన్న తేదీలను నోటుపుస్తకం మొదటి పేజీలోనే రాసుకుంటే, ఎవరు ఏ కథ చెప్పినా దానిని ఆ తేదీల పక్కన పెట్టి చూడవచ్చు.

ఒప్పందాన్ని సారాంశంలో కాకుండా మూలపాఠంలోనే చదవాలి. 1659 నాటి పిరనీస్ ఒప్పందాన్ని అనుసరించి, మరుసటి ఏడు స్పెయిన్ 33 గ్రామాలను ఫ్రాన్సుకు అప్పగించింది. వాటి నడుమ ఉన్న లివియా అనే ఊరికి మాత్రం పట్టణ హోదా ఉంది గనుక అది గ్రామాల లెక్కలోకి రాదని స్పెయిన్ నిలుపుకొంది. ఈనాటికీ ఆ ఊరు చుట్టూ ఫ్రాన్సు నేల ఉండగా స్పెయిన్‌లో భాగంగానే కొనసాగుతోంది. ‘గ్రామం’ అన్న ఒక్క మాట ఆ ఊరి తలరాతను నిర్ణయించింది.

తరువాతి పని కాగితాల వేట. భూమి రికార్డులు, సర్వే పటాలు, సుంకపు లెక్కలు, దొంగరవాణా కేసుల తీర్పులు, బడి హాజరు పట్టీలు, జనన మరణాల నమోదు పుస్తకాలు అన్నీ పనికివస్తాయి. అయితే వీటిని సరిహద్దుకు రెండు వైపులా వెతకాలి. ఒక వైపు కాగితాలలో ‘అక్రమ రవాణా’ అని నమోదైనది రెండో వైపు మామూలు సంత వ్యాపారంగా కనిపించడం వింతేమీ కాదు. ఊరి పేరుకూ, వీధుల పేర్లకూ రెండు భాషలలో ఉన్న రూపాలన్నిటినీ ముందే పట్టిక వేసుకోకపోతే, చేతిలో ఉన్న దస్తావేజు తాము వెతుకుతున్న ఊరిదేనని గుర్తించలేకపోవచ్చు.

పెద్దల దగ్గర కథలు వినేటప్పుడు, వీలైతే వారిని వెంటబెట్టుకొని గీత వెంబడి నడవడం మంచిది. కుర్చీలో కూర్చొని చెప్పేటప్పుడు గుర్తుకు రానివి ఒక కల్వర్టునో, పాత చెక్‌పోస్టు గోడనో చూడగానే గుర్తుకు వస్తాయి. ‘అప్పట్లో ఎలా ఉండేది?’ అని అడిగితే వచ్చే జవాబు పొడిపొడిగా ఉంటుంది. ‘అటు నుంచి ఏం తెచ్చుకునేవారు, ఏ దారిన, ఏ వేళకు, సంచిలోనా, నెత్తిన పెట్టుకొనా?’ అని అడగాలి. వస్తువు నుంచి మొదలుపెట్టిన మాట చాలా దూరం పోతుంది.

దీనికి గోరిజియా పట్టణమే ఉదాహరణ. 1947లో ఇటలీకి, యుగోస్లావియాకు మధ్య గీసిన కొత్త సరిహద్దు ఆ ఊరి అంచున పడింది. పక్కనున్న మిరెన్ ఊరిలోనైతే 1975 వరకు శ్మశానం మధ్యగా పోయింది. 1950 ఆగస్టు 13, ఆదివారం నాడు యుగోస్లావియా వైపు జనం వేలాదిగా కాపలా దాటి గోరిజియాలోకి వచ్చి, తమ వైపు దొరకని వస్తువులను కొనుక్కొని వెళ్లారు. వాటిలో చీపుర్లు ఎక్కువగా కనిపించడంతో ఆ రోజుకు ‘చీపుర్ల ఆదివారం’ అన్న పేరు నిలిచిపోయింది. ఒప్పందం తేదీ చెప్పలేని కొరత సంగతి చీపురు చెబుతుంది.

ఇక కథను పరీక్షించడం. సర్వేయరు తాగి గీత గీశాడనీ, అందుకే సరిహద్దు వంకర పోయిందనీ చెప్పే కథ మీ ఊళ్లో వినబడితే అనుమానించండి, అది ఎన్నో సరిహద్దుల మీద తిరిగే కథ. కూచ్ బిహార్ రాజు, రంగపూర్ ఫౌజుదారు (మొగలుల అధికారి) చదరంగం ఆడుతూ పల్లెలను పందెం కాశారనీ, అందువల్లనే ఒకరి పల్లెలు మరొకరి నేలలో చిక్కుకున్నాయనీ చెప్పుకుంటారు. చరిత్రకారులు మాత్రం మొగలులకు, కూచ్ బిహార్‌కు జరిగిన యుద్ధాలను, 1713 నాటి ఒప్పందాన్ని చూపుతారు. 2015 జూలై 31 అర్ధరాత్రి భారత్, బంగ్లాదేశ్‌లు అటువంటి 162 భూభాగాలను పరస్పరం మార్చుకున్నాయి. అంతమాత్రాన చదరంగం కథను పారేయకూడదు: తమను అడగకుండా తమ నేలను ఎవరో పావులుగా జరిపారన్న ప్రజల భావన అందులో ఉంది. కథను కథగా, చెప్పినవారి మాటలోనే ముందు రాసి, ఆ వెంటనే దస్తావేజు చెప్పేదాన్ని రాయాలి. రెండింటినీ ఒకే వాక్యంలో కలిపితే పాఠకుడు ఏది ఏదో తేల్చుకోలేడు.

ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ, కావలి సోదరుల సాయంతో ఊరూరా కైఫీయత్తులను, అంటే ఆయా ఊళ్ల చరిత్ర వివరాలను, రాయించాడు. హద్దులు కొలిచిన మనిషే స్థలపురాణాలనూ, శాసనాలనూ కూడబెట్టడం గమనించదగినది.

దొంగరవాణా కథలు రుచిగా ఉంటాయి గనుక వాటి విషయంలో జాగ్రత్త మరింత అవసరం. చెప్పినవారి పేరును, వీధిని, ఇంటి గుర్తులను మార్చాలి, లేదా పూర్తిగా వదిలేయాలి. అచ్చుకు ముందు ఆ భాగాన్ని వారికే చదివి వినిపించి, వారు వద్దన్నది తీసివేయాలి. పూర్తయిన ప్రతిని గీతకు ఇటు గ్రంథాలయానికి ఒకటి, అటు గ్రంథాలయానికి ఒకటి ఇవ్వాలి. అటువైపు చదివినవారిలో ఒకరైనా ‘మా ఊళ్లో ఈ కథ వేరేగా చెబుతారు’ అని రాస్తే, రెండో ముద్రణకు కావలసిన పని దొరికినట్టే.