ఊళ్ళకి దూరంగా ఉన్న పాత కోటలు, శిథిలాలు: వెళ్ళి చూసి రావడం ఎలా?

గుట్ట మీదో అడవి అంచునో మిగిలిపోయిన పాత కోటకి బయల్దేరేవాళ్ళు ఎన్నింటికి చేరుకోవాలో చూసుకుంటారు గానీ, ఎన్నింటికి దిగడం మొదలుపెట్టాలో చూసుకోరు. మ్యూజియంలో అయితే మూసే వేళకి ఎవరో ఒకరు వచ్చి చెబుతారు. ఇక్కడ చెప్పేవాళ్ళు ఉండరు, పొద్దు వాలిపోతుంది అంతే. అందుకే ఏర్పాట్లన్నీ తిరుగు ప్రయాణం దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క కట్టుకోవాలి. అలా చేస్తేనే గోడల దగ్గర తీరిగ్గా నిలబడే సమయం మిగులుతుంది. అంత దూరం పోయేది దానికోసమే కదా.

1. ఆ స్థలం ఎవరి అధీనంలో ఉందో కనుక్కోండి

పురావస్తు శాఖ కిందా, అటవీ శాఖ కిందా, లేక ఎవరి సొంత భూమిలోనైనా ఉందా? మిగతా ప్రశ్నలకి జవాబులు చాలావరకు ఇందులోనే దొరుకుతాయి. తెరిచే వేళలు, టికెట్టు, గుడారం వేసుకోవచ్చా, డ్రోన్ ఎగరేయొచ్చా అన్నీ అక్కడే తేలతాయి. (డ్రోన్ మోత వినడానికి అంత దూరం పోవడం ఎందుకో నాకైతే అర్థం కాదు.) పెరూ దేశపు కొండల్లో ఉన్న మాచు పిచ్చు శిథిలాల లాంటి చోట్ల ఏ గంటకి లోపలికి పోవాలో, ఏ దారిన తిరగాలో కూడా టికెట్టు మీదే ఉంటుంది. అక్కడికి పోయాక చూసుకుందాం అంటే కుదరదు. పక్షులు గూళ్ళు పెట్టే కాలంలోనూ, అడవి తగలబడే ప్రమాదమున్న ఎండాకాలంలోనూ కొన్ని దారులు మూసేస్తారు. ఫోన్ చేసి అడగడం మేలు.

మ్యాప్‌లో గుర్తు ఒక్కోసారి కోట మీద కాకుండా దగ్గరి ఊరి మీద ఉంటుంది. శాటిలైట్ బొమ్మ తెరిచి చూడండి, ప్రాకారం గీత చాలా చోట్ల పైనుంచి స్పష్టంగా కనిపిస్తుంది. ద్వారం ఎటువైపుందో చూసి, గుర్తు అక్కడ పెట్టుకుని, మ్యాప్‌ని ఫోన్‌లో దింపుకోండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది.

2. గంటలు వెనక్కి లెక్క కట్టండి

విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తోంది: నడకకి గంటకి సుమారు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. 4 కిలోమీటర్ల దారిలో 300 మీటర్లు ఎక్కాలంటే 48 నిమిషాలకి 30 కలిపి దాదాపు గంటా ఇరవై నిమిషాలు. ఇది గట్టి కాళ్ళున్నవాళ్ళ లెక్క. పిల్లలతో, ఆగుతూ, ఫొటోలు తీసుకుంటూ పోయేవాళ్ళు రెండు గంటలు వేసుకోవాలి. దిగడం సులువే కదా అని తగ్గించొద్దు. జారే గులకరాళ్ళ మీద మోకాళ్ళు వణికేది అప్పుడే. దానికి గంటన్నర.

ఇప్పుడు వెనక్కి రండి. సూర్యాస్తమయం ఆరింటికి అనుకుంటే, గంట ముందే, అంటే ఐదింటికి కిందికి చేరిపోవాలి. అంటే మూడున్నరకి దిగడం మొదలు. పైన రెండు గంటలు ఉండాలంటే ఒకటిన్నరకి చేరాలి. దానికి ఎక్కడం పదకొండున్నరకి మొదలవ్వాలి. అంటే ఎక్కడమంతా నడినెత్తిన ఎండలో. కాగితం మీద రాసుకుంటే గానీ ఈ సంగతి కనబడదు. మొత్తం నాలుగున్నర గంటలు ముందుకి జరిపితే, ఏడింటికి మొదలై తొమ్మిదికి పైన ఉంటారు, పన్నెండున్నరకల్లా కిందికి వచ్చేస్తారు. పొద్దున ఏటవాలు ఎండతో ఇంకో లాభం కూడా ఉంది. అదేమిటో గోడల దగ్గరికి వెళ్ళాక చెబుతాను.

గడియారం చూసే వీల్లేనప్పుడు ఒక కిటుకు: చెయ్యి బారచాపి, వేళ్ళు అడ్డంగా పెట్టి, సూర్యుడికీ దిగంతానికీ మధ్య ఎన్ని వేళ్ళు పడతాయో చూడండి. ఒక్కో వేలుకి సుమారు పావుగంట. సూర్యుణ్ణి తేరిపార చూడొద్దు.

3. సంచి

మనిషికి నడిచే గంటకి అర లీటరు చొప్పున నీళ్ళు, ఎండ ఎక్కువైతే ఇంకాస్త. టోపీ, పట్టున్న బూట్లు, ఈల, ప్రథమ చికిత్స సామాను, పగలు వెళ్తున్నా సరే టార్చి. కోట లోపలి గదుల్లో పట్టపగలు కూడా చీకటే. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికల్లా ఫోన్ చేస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి బయల్దేరండి.

4. దారిలో

పొలాల మీదుగా పోయే బాటలో గేటు మూసి ఉంటే దాటాక మూసేయండి, తెరిచి ఉంటే తెరిచే ఉంచండి. పైరు తొక్కకుండా గట్టు మీద నడవండి. పశువులు కాసేవాళ్ళు కనబడితే ఆగి పలకరించండి. తేనెపట్టు ఎక్కడుందో, ఏ మెట్లు కూలాయో వాళ్ళకి తెలిసినంత ఏ మ్యాప్‌కీ తెలియదు.

మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు లేవంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉందన్నమాట. శిఖరం మీద ఉంటే వెంటనే దిగాలి. ఒంటరి చెట్టు కిందా, పైకప్పు సగం పోయిన మండపంలోనూ తలదాచుకోవద్దు. చివరి ఉరుము వినబడ్డాక అరగంట గడిచే దాకా మళ్ళీ పైకి పోవద్దు.

5. గోడని చదవండి

చేరగానే లోపలికి చొరబడకండి. వీలైతే ముందు బయటినుంచి ఒక చుట్టు తిరగండి. కట్టినవాడు శత్రువు ఎటునుంచి వస్తాడనుకున్నాడో, ఎటువైపు కొండే కాపాడుతుందనుకున్నాడో గోడ మందం చూస్తే తెలిసిపోతుంది.

తర్వాత ఒక్క గోడ దగ్గర పది నిమిషాలు నిలబడండి. ఏటవాలు ఎండ రాతిమీద పక్కగా పడుతున్నప్పుడు అరిగిపోయిన అక్షరాలూ ఉలి గాట్లూ నీడలతో లేచి కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం అదే రాయి బోడిగా ఉంటుంది. రాయి అంచున ఒకే ఎడంతో వరసగా గుంటలుంటే, అక్కడ మేకులు దిగ్గొట్టి బండని చీల్చారన్నమాట. హంపీ చుట్టూ గుండ్ల మీద ఈ వరసలు ఇప్పటికీ కనిపిస్తాయి. గోడలో ఒకే ఎత్తున చదరపు బెజ్జాలుంటే దూలాలు దూర్చిన చోట్లు కావచ్చు. అంటే చెక్క పోయింది, అంతస్తు పోయింది, బెజ్జాలు మిగిలాయి. గడప దగ్గర నేల మీద గుండ్రటి గుంట ఉంటే తలుపు తిరిగింది దాంట్లోనే. ఆ పక్కన రాతి మీద వంపుగా గీరుకుపోయిన గీత ఉందేమో చూడండి, తలుపు ఎటు తెరుచుకునేదో తెలుస్తుంది.

రాళ్ళ మధ్య సున్నం ఉందా? ఆఫ్రికాలోని గ్రేట్ జింబాబ్వే అనే పాత నగర శిథిలాల్లో 11 మీటర్ల ఎత్తు గోడ కూడా సున్నం, మట్టి లేకుండా రాయి మీద రాయి పేర్చి నిలబెట్టిందే. కొన్ని రాళ్ళు వేరే రంగులో, మరీ నున్నగా ఉంటే మరమ్మతు అయ్యుండొచ్చు. కొత్తగా పెట్టిన భాగం పాతదానిలో కలిసిపోతూనే, ఏది కొత్తదో తెలిసేలా ఉండాలని 1964 నాటి వెనిస్ చార్టర్ (పాత కట్టడాల సంరక్షణకి రాసుకున్న అంతర్జాతీయ నియమాల పత్రం) చెబుతుంది. పోయిన రాళ్ళ సంగతి కావాలంటే చుట్టుపక్కల ఊళ్ళలో వెతకండి. ఇంగ్లండ్ ఉత్తరాన రోమన్లు క్రీ.శ. 122లో మొదలుపెట్టిన హేడ్రియన్ గోడ రాళ్ళు తర్వాతి కాలపు చర్చిల్లో, పొలాల ఇళ్ళలో తేలాయి.

నీళ్ళు ఎక్కడ నిల్వ చేశారో కూడా వెతకండి. గుట్ట మీది కోటకి అదే ప్రాణం. కానీ ఒరలేని బావి అంచుకి పోవద్దు, గడ్డి కప్పేస్తే అది కనిపించదు.

6. చెయ్యకూడనివి

మందపాటి పాత గోడల్లో చాలావాటికి రెండు వైపులా చెక్కిన రాళ్ళు, మధ్యలో రాళ్ళ ముక్కలూ గచ్చూ ఉంటాయి. పైనుంచి వాన నీరు దిగితే లోపలిది వదులై గోడ బయటికి ఉబ్బుతుంది. అలాంటి చోట కింద నిలబడొద్దు, ఏ గోడా ఎక్కొద్దు. శాసనం చదవడానికి సుద్ద, పిండి రాయొద్దు, గీకొద్దు. టార్చి పక్కనుంచి వేస్తే చాలు. కుండ పెంకు కనబడితే ఫొటో తీసి అక్కడే వదిలేయండి. అది ఎక్కడ పడి ఉందన్నదే పురావస్తువాళ్ళకి ఆధారం, జేబులో వేసుకున్నాక ఉత్త పెంకు.

కనబడని సందుల్లో చెయ్యి పెట్టొద్దు. పాము కరిస్తే కొయ్యొద్దు, బిగించి కట్టొద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా చూసి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. తేనెటీగలు లేస్తే ముఖం కప్పుకుని పరుగెత్తడమే, చేతులు విసరొద్దు. చాలా దేశాల్లో 112 అత్యవసర నంబరుగా పనిచేస్తుంది. ఫోన్ అందకపోతే ఈల నిమిషానికి ఆరుసార్లు ఊది, నిమిషం ఆగి, మళ్ళీ ఊదండి. బ్రిటన్‌లోనూ ఆల్ప్స్‌లోనూ పాటించే పద్ధతి ఇదే.

7. వచ్చాక

కొత్తగా కూలిన గోడ, తవ్వేసిన గుంట, ఎవరూ పట్టించుకోని శాసనం లాంటివి కనబడి ఉంటే, దగ్గర నుంచీ దూరం నుంచీ తీసిన ఫొటోలు, జీపీఎస్ అంకెలు, తేదీ కలిపి సంబంధిత శాఖకి పంపండి. అదే ఫొటో సోషల్ మీడియాలో పెట్టేటప్పుడు మాత్రం, కాపలా లేని చోటైతే, ఆ అంకెలు తీసేయండి.