ఎమ్మారైలో చేప తల దగ్గర నల్ల మచ్చలు: ఎలా పోయాయంటే

జర్మనీలో మా ల్యాబులో పోలార్ కాడ్ అనే ఆర్కిటిక్ చేపను 9.4 టెస్లా (అయస్కాంత బలానికి కొలమానం) ఎమ్మారైలో ఉంచి, ఆమ్లత పెరిగిన సముద్రపు నీళ్లలో దాని మెదడు పీహెచ్ (ఆమ్లత కొలత) ఎలా మారుతుందో చూస్తాం. ఆధారం మెదడులో ఉండే టౌరిన్ అనే పదార్థం ఎమ్మారైలో ఇచ్చే సంకేతం. మన ఒంటి వేడి దగ్గర టౌరిన్‌లోని ప్రోటాన్లు (హైడ్రోజన్ కేంద్రకాలు) నీటిలోని ప్రోటాన్లతో మరీ వేగంగా చోట్లు మార్చుకుంటాయి, సంకేతం దొరకదు. ఒకటి రెండు డిగ్రీల చలిలో ఆ వేగం తగ్గి, సంకేతాల గ్రాఫులో నీటి శిఖరానికి 2.8 పీపీఎం (ఆ గ్రాఫులో దూరానికి కొలమానం) దూరంలో టౌరిన్ సంకేతం కనబడుతుంది. (చలి చేపలతో పనిచేసేవాళ్లకే ఈ సౌకర్యం!)

చిక్కల్లా తల పైభాగంలో నల్ల మచ్చలు. చేప కదులుతోందన్నారు అందరూ. నాకు నమ్మకం కుదరలేదు. కదలికైతే బొమ్మ అలుక్కుపోవాలి గానీ రంధ్రాలు పడవు. చేప లేకుండా ఉత్త నీళ్లతో గ్రేడియంట్ ఎకో అనే రకం బొమ్మ తీశాను, అది అయస్కాంత క్షేత్రంలో చిన్న తేడా ఉన్నా అక్కడ నల్లబడుతుంది. మచ్చలు అలాగే ఉన్నాయి. అలాంటి తేడాలను చాలావరకు సరిదిద్దే స్పిన్ ఎకో బొమ్మలో మాత్రం బాగా చిన్నవయ్యాయి. అంటే చుట్టూ క్షేత్రాన్ని చెదరగొట్టే గాలి బుడగలు.

మేం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలిని చల్లటి నీళ్లలోకి పంపుతాం. చల్లటి నీళ్లు వాయువును ఎక్కువగా పట్టుకుంటాయి. దారిలో కాస్త వేడెక్కగానే వదిలేస్తాయి. అందుకని గొట్టాలకు చివరిదాకా ఫోమ్ తొడిగాం. చేపను ఉంచే చాంబరుకు ముందు, బుడగలు తేలిపోవడానికి ఇంకో చిన్న తొట్టి పెట్టాం. చాంబరును కొద్దిగా వాల్చి, నీళ్లు బయటికి పోయే గొట్టాన్ని అన్నిటికంటే ఎత్తులో బిగించాం. నన్నడిగితే అసలు పనిచేసింది ఇదే. వాడినవన్నీ ప్లాస్టిక్కే, ఇనుప క్లిప్పు అయస్కాంతం గదిలోకి రాకూడదు కదా.

నీళ్ల పీహెచ్ మాత్రం తొట్టిలోనే కాదు, చాంబరు నుంచి బయటికొచ్చే నీళ్లలోనూ కొలవండి. చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ కూడా అందులో కలుస్తుంది.