నల్లా నీళ్లలోనే నైట్రేట్ ఉంటే

వారం వారం నీళ్లు మార్చినా మా గప్పీ చేపల ట్యాంకులో నైట్రేట్ (చేపల వ్యర్థాల నుంచి పేరుకునేది, ఎక్కువైతే వాటికి హాని) 40 పీపీఎం (లీటరుకు సుమారు 40 మి.గ్రా.) కిందకి దిగేది కాదు. అనుమానమొచ్చి నల్లా నీళ్లనే పరీక్షిస్తే అక్కడే 40! మా అపార్ట్‌మెంట్‌ది బోరు నీళ్లు మరి.

మీరూ ముందు ఆ పరీక్షే చేయండి. నా నైట్రేట్ పరీక్ష కిట్‌లో రెండో మందు సీసాను అర నిమిషం గట్టిగా ఊపకపోతే రీడింగ్ తక్కువ చూపిస్తుంది. మొదట్లో అలాగే మోసపోయాను. కాచితే పోతుందనుకోకండి, నీరు ఆవిరై నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది.

నేను బకెట్‌లో సగం నల్లా నీళ్లు, సగం ఆర్వో నీళ్లు కలుపుతాను. 20కి కాస్త అటూఇటూగా వస్తుంది. ఉత్త ఆర్వో నీళ్లలో ఖనిజాలు దాదాపు ఉండవు, గప్పీలకు పడదు. ఒకేసారి కాకుండా పావు ట్యాంకు చొప్పున మార్చండి.

నైట్రేట్‌ను పీల్చుకుంటుందని ట్యాంకు అంచున మనీప్లాంట్ కొమ్మ కూడా పెట్టాను. వేర్లు మాత్రమే మునగాలి. ఆకులు మునిగితే కుళ్లి, మళ్లీ మొదటికొస్తుంది.