రొయ్యల చెరువుకు గోధుమ రంగు తెప్పించడం

రొయ్యల చెరువులో నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా మారితే మా భీమవరం వైపు కొత్త రైతులు సంబరపడతారు. నాకు మాత్రం లేత గోధుమ రంగే కావాలి. అది డయాటమ్‌ల రంగు. సిలికాతో పెంకు కట్టుకునే ఏకకణ నాచు ఇది. భూమి మీద ఏటా తయారయ్యే ఆక్సిజన్‌లో సుమారు ఐదో వంతు వీటి పుణ్యమే. హేచరీలో, అంటే పిల్లల్ని పుట్టించి పెంచే కేంద్రంలో, రొయ్య పిల్లకు తొలి మేత కీటోసెరాస్ కూడా డయాటమే.

పిల్ల వేయడానికి వారం పది రోజుల ముందే పని మొదలుపెట్టండి. తవుడు, బెల్లం, ఈస్ట్ నీళ్లలో కలిపి, ఒకటి రెండు రోజులు పులియనిచ్చి, ఎండ ఎక్కాక చెరువంతా చల్లండి. యూరియా, సూపర్ ఫాస్ఫేట్ ఎరువులు గుమ్మరించి ఊరుకుంటే నీలి ఆకుపచ్చ నాచుకు విందు చేసినట్లే. దానివల్ల రొయ్యకు మట్టి వాసన పట్టవచ్చు. కొనేవాడు ఊరుకుంటాడా, ధర తెగ్గోస్తాడు. డయాటమ్‌కు నత్రజనితో దాదాపు సమానంగా సిలికా కావాలి. అందుకే సోడియం సిలికేట్‌ను బాగా పలుచన చేసి, కొద్దికొద్దిగా వేయాలి. అది క్షారం కనుక ముందు పీహెచ్ చూడండి, 8.5 దాటితే ఆగండి. నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిప్పండి, లేకపోతే పెంకు బరువుకు డయాటమ్‌లు అడుగుకు దిగిపోతాయి.

నీటి తేట కొలవడానికి దించే సెక్కీ పళ్లెం 30-40 సెంటీమీటర్ల లోతులో కనుమరుగైతే చాలు. నీళ్లు ఒక్కసారిగా తేటపడితే నాచు చచ్చిందని అర్థం. ఆ రోజు తెల్లవారుజామున ఆక్సిజన్ కొలవకుండా నిద్రపోకండి.